ఊరి కైఫియత్తు రాసేదెవరు?

బోధన్ పరిసరాల్లోని ఒక పల్లె నుంచి ఒక యువకుడు గత మాసం ఉత్తరం రాశాడు. తమ మస్జిదులోని ఇనుప పెట్టెలో పాత కాగితాలు ఉన్నాయనీ, అవన్నీ ఉర్దూలో ఉన్నాయనీ, వాటిని తడుముకోకుండా చదవగలిగిన చివరి పెద్దమనిషి రమజానుకు ముందే అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారనీ తెలిపాడు. నలుగురు మిత్రులు కలిసి ఊరి చరిత్ర రాయాలని నిశ్చయించుకున్నారట. “ఎక్కడ మొదలుపెట్టాలి మౌలానా సాహెబ్?” అన్నది అతని ప్రశ్న. తాము అనుకున్న అధ్యాయాల పట్టికను కూడా ఉత్తరంతో జతపరిచాడు. మస్జిదు నిర్మాణం, ఇమాములు, ముఅజ్జిన్లు, ఈద్‌గాహ్, ఖబ్రస్తాన్, ఊరి నుంచి హజ్ యాత్రకు వెళ్ళినవారు.

సంకల్పం శుభప్రదమైనది. పట్టిక మాత్రం నాకు నచ్చలేదు. అది ఒక మస్జిదు చరిత్ర అవుతుంది గాని ఊరి చరిత్ర కాదు. ఆ మాటకొస్తే మస్జిదు చరిత్రగానైనా అది అసంపూర్ణమే. గోడలకు సున్నం నూరిందెవరు? దూలాలు చెక్కిన వడ్లాయన ఏ ఇంటివాడు? వుజూకు నీళ్ళిచ్చిన బావిని తవ్విన ఒడ్డెర కూలీలు ఎక్కడి నుంచి వచ్చారు? ఈ పేర్లు లేకుండా మినార్ల ఎత్తు ఎంత రాసినా ప్రయోజనం తక్కువ.

ఊరి వృత్తాంతం రాయడం మనకు కొత్త విద్య కాదు. అజ్రఖీ మక్కా నగర వృత్తాంతాలను గ్రంథస్థం చేశారు. హిజ్రీ 463లో మరణించిన ఖతీబ్ బగ్దాదీ తమ నగర చరిత్రలో 7,000 మందికి పైగా వ్యక్తుల జీవిత విశేషాలను పొందుపరిచారు. ఇబ్ను అసాకిర్ రాసిన దమిష్క్ నగర చరిత్ర నేటి ముద్రణలో 80 సంపుటాలు. ఇటు మన తెలుగు నేలపై కల్నల్ మెకంజీ, ఆయన సహాయకులైన కావలి సోదరులు రెండు వందల ఏళ్ళ క్రితం ఊరూరా కరణాల చేత, పెద్దల చేత రాయించి సేకరించిన గ్రామ వృత్తాంతాలున్నాయి. వాటికి తెలుగువారు పెట్టుకున్న పేరు ‘కైఫియత్తు’. అరబీలో ‘కైఫ’ అంటే ‘ఎలా’. ఊరు ఎలా ఏర్పడింది, చెరువు ఎలా తెగింది, మాన్యం ఎవరికి ఎలా వచ్చింది అన్న వివరమే కైఫియత్తు. తెలుగు పల్లె చరిత్రకు మన అరబీ మాట పేరుగా స్థిరపడిందంటే, భాషలు మనుషులకంటే ముందే ఇరుగుపొరుగుగా బతకడం నేర్చుకున్నాయనిపిస్తుంది. ఆ కైఫియత్తులలో అధిక భాగం కోస్తా, రాయలసీమ గ్రామాలవి. ఇందూరు సీమ పల్లెలవి మనమే రాసుకోవాలి.

ఇటీవల ప్రయత్నాలు జరగకపోలేదు. 2022లో తెలంగాణ సాహిత్య అకాడమి ‘మన ఊరు – మన చరిత్ర’ అనే పేరుతో డిగ్రీ కళాశాలల విద్యార్థుల చేత స్వగ్రామాల చరిత్ర రాయించే పనిని చేపట్టింది. పేరు చక్కగా ఉంది, పద్ధతి ఇంకా చక్కగా ఉంది. ఊరి పిల్లలే ఊరి పెద్దలను అడగడం అందులోని విశేషం. అయితే ఇరవై ఏళ్ళ విద్యార్థికి తెలుగు, ఇంగ్లీషు వచ్చు. నిజాం కాలపు కాగితం చేతికిస్తే తలకిందులుగా పట్టుకుంటాడు. ఆ తప్పు అతనిది కాదు. ఇక్కడే మన బాధ్యత ఆరంభమవుతుంది.

హైదరాబాదు రాజ్యంలో 1880వ దశకంలో ఫార్సీ స్థానాన్ని ఉర్దూ ఆక్రమించింది. అప్పటి నుంచి రాజ్యం అంతరించే వరకు ప్రభుత్వ వ్యవహారం ఉర్దూలోనే సాగింది. సేత్వార్, ఫైసల్ పట్టీ, ముంతఖబ్ అనే పేర్లు నేటికీ రైతుల నోట వినిపిస్తాయి. ఆ కాగితాలు ముస్లిముల ఇండ్లలోనే ఉన్నాయనుకోవద్దు. రెడ్డిగారి ఇనుప బీరువాలో, మాజీ పట్వారీ ఇంటి అటక మీద, పద్మశాలి తాత ట్రంకు పెట్టెలో కూడా ఉన్నాయి. తమ తాతల పేర్లు వాటిలో ఉన్నాయని వారికి తెలుసు. చదివి చెప్పేవారు లేరు. నిజామాబాదు జిల్లాలో ఉర్దూ చదవడం నేర్పే స్థలాలు ఇంకా మిగిలి ఉన్నాయంటే వాటిలో మద్రసాలు ముందు వరుసలో ఉన్నాయి. ఊరి వారందరి కాగితాలనూ ఉచితంగా చదివిపెట్టే సేవ మన పిల్లలు చేయగలరు. పొరుగువాని హక్కు గురించి శుక్రవారం ప్రసంగాలు ఎన్నో విన్నాం. ఇది ఆ హక్కును చెల్లించే ఒక మార్గం.

చదవడం కూడా అంత తేలిక కాదని ముందే హెచ్చరిస్తున్నాను. అచ్చు ఉర్దూ చదివినవారికి షికస్తా రాత వెంటనే లొంగదు. అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, చుక్కలు ఎగిరిపోయి ఉంటాయి. కొన్ని పాత లెక్కలలో అంకెలకు బదులు ‘సియాఖ్’ గుర్తులు కనబడతాయి. అంతకంటే పెద్ద ఉచ్చు సంవత్సరం. ఆ రాజ్యపు రెవెన్యూ కాగితాలపై ఉండేది ఫస్లీ సంవత్సరం. అది అక్టోబరు ఆరంభంలో ఆజర్ మాసంతో మొదలై దై, బహ్మన్, ఇస్ఫందార్ అంటూ ఫార్సీ మాసాలతో నడిచేది. ఫస్లీకి 590 కలిపితే అది మొదలైన క్రీస్తు సంవత్సరం వస్తుంది. ఒక నీటి తీరువా రసీదుపై 1345 అని ఉందనుకుందాం. ఫస్లీగా లెక్కిస్తే అది 1935–36. మద్రసా విద్యార్థి అలవాటు కొద్దీ హిజ్రీ అనుకుంటే 1926–27 అవుతుంది. మంజీరపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో ముగిసింది. అంటే ఆనకట్ట పూర్తి కాకముందే కాలువ నీటికి పన్ను వసూలైనట్లు మన చరిత్ర సాక్ష్యం చెబుతుంది! ఆజర్, దై, బహ్మన్ వంటి మాసం పేరు కనిపిస్తే ఫస్లీ, ముహర్రం, సఫర్ కనిపిస్తే హిజ్రీ అని గుర్తుంచుకుంటే ఈ పొరపాటు చాలావరకు తప్పుతుంది.

కాగితాలు కొంతే చెబుతాయి. మిగిలినది మనుషుల గుండెలలో ఉంది. యమామా యుద్ధంలో ఖుర్ఆన్‌ను కంఠస్థం చేసిన ఎందరో అమరులైనప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) కలత చెంది, ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి)కు సంకలనం గురించి సూచించారు. ఆ కార్యం హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)కు అప్పగించబడింది. ఆయన స్వయంగా హాఫిజ్ అయి ఉండి కూడా తమ జ్ఞాపకం ఒక్కదానితో తృప్తి చెందలేదు. ఖర్జూర మట్టలపై, పలుచని రాళ్ళపై రాసి ఉన్నదానిని, మనుషుల హృదయాలలో భద్రంగా ఉన్నదానిని వెదికి, సరిచూసి పొందుపరిచారు. అల్లాహ్ వాక్కు స్థాయి వేరు, ఊరి ముచ్చట్ల స్థాయి వేరు. ఆ రెంటినీ పోల్చే సాహసం ఏ విశ్వాసీ చేయడు. నేర్చుకోవలసినది పద్ధతిని. మోసేవారు వెళ్ళిపోతున్నప్పుడు ఆలస్యం చేయరాదు, తొందరలోనూ సరిచూడడం మానరాదు.

మన సీమలో మోసేవారు ఎంత వేగంగా వెళ్ళిపోతున్నారో చూడండి. 1948లో పదేళ్ళ బాలుడు నేడు ఎనభై అయిదు దాటినవాడు. నిజాంసాగర్ నీళ్ళు మొదటిసారి పొలానికి రావడం చూసినవారు మనకు ఇక దొరకరు. వారి నోట విన్న కొడుకులు, కోడళ్ళు దొరుకుతారు. బోధన్ చక్కెర కర్మాగారం 1937లో స్థాపితమైంది. ఒకప్పుడు ఆసియాలోని అతి పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా పేరు పొందింది. దాని చుట్టూ వెలసిన కాలనీకి షక్కర్‌నగర్ అని పేరు. ఫార్సీ షక్కర్, తెలుగు చక్కెర, సంస్కృతపు శర్కర ఒకే మాటకు మూడు రూపాలన్న సంగతి అక్కడి కార్మికునికి ఎవరూ చెప్పనక్కరలేదు. అతని నాలుక మూడింటినీ రోజూ పలికేది. 2002లో కర్మాగారం ప్రైవేటు చేతులలోకి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. అందులో పనిచేసినవారు మనలో ఉన్నారు, అనారోగ్యంతో ఉన్నారు, చాలామంది నిరాశతో మౌనంగా ఉన్నారు. వారిని అడగవలసినది యంత్రాల సామర్థ్యం కాదు, అది ఏదో ఒక నివేదికలో దొరుకుతుంది. తూకం కాంటా వద్ద ఎడ్లబండ్ల వరుస ఎంత దూరం ఉండేది? రాత్రి పూట ఆ వరుసలో రైతు ఏం తినేవాడు, ఎక్కడ పడుకునేవాడు? సైరన్ మోతను బట్టి పల్లెలో ఏ పనులు జరిగేవి? రమజాను మాసం క్రషింగ్ కాలంలో వస్తే రాత్రి పాళీవారు సహ్రీ ఎలా చేసేవారు, వారి బదులు ఆ గంట ఎవరు నిలబడేవారు? ఇటువంటి ప్రశ్నకు వచ్చే జవాబులో సాధారణంగా ఒక రాములో ఒక గంగారామో ఉంటాడు. అతడినీ వెదకండి.

కాలువ నీటి వెంట కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతాల రైతులు వలస వచ్చి, వర్ని, కోటగిరి, బోధన్ వైపు ‘క్యాంపు’లు ఏర్పరచుకున్నారు. ఆ కుటుంబాల మూడో తరం ఇక్కడే పుట్టింది. పాత ఊరివారు వారిని ఇప్పటికీ క్యాంపువాళ్ళనే అంటారు. మహారాష్ట్ర సరిహద్దు దగ్గర కావడం వల్ల మరాఠీ మాట్లాడే ఇండ్లు కూడా ఎన్నో పల్లెలలో ఉన్నాయి. ఊరి చరిత్ర అంటే ఇవన్నీ. ఎవరు ముందు వచ్చారన్న పోటీని మాత్రం పుస్తకంలోకి రానివ్వకండి. దానికి అంతం ఉండదు.

ఇక సేకరణ విషయం. ఈ పనిలో ముస్లిముల ఇండ్లకు ఒక ఆస్తి ఉంది, అది ‘ఇస్నాద్’. హదీసు విద్వాంసులు వార్త వినగానే “నీకు ఎవరు చెప్పారు? ఆయనకు ఎవరు చెప్పారు?” అని అడిగేవారు. వార్తను తెచ్చినవాడు ఎటువంటివాడో చూసుకుని, సరిచూడనిదే నమ్మవద్దని సూరా అల్ హుజురాత్ బోధిస్తున్నది. మీ నోటు పుస్తకంలో ప్రతి కథనం పైన నాలుగు సంగతులు రాయండి. చెప్పినవారి పేరు, వయస్సు, వారు కన్నదా విన్నదా, విన్నదైతే ఎవరి నుంచి. తేదీ, స్థలం కూడా వేయండి. ఊరి పెద్దబావిని దేశ్‌ముఖు తవ్వించాడని ఒకరు, కాదు ఖాజీ గారు తవ్వించారని ఇంకొకరు చెబితే రెండూ పక్కపక్కన రాయండి. మనకు ఇష్టమైన కథనాన్ని ఎన్నుకుని రెండోదాన్ని చెరిపేసే అధికారం మనకు లేదు. ముహద్దిసులు బలహీనమైన కథనాన్ని సైతం అది బలహీనమని చెప్పి భద్రపరిచారు. చారిత్రకులు విన్నదల్లా రాసేస్తారని ఇబ్ను ఖల్దూన్ తమ ముఖద్దిమాలో తీవ్రంగా ఆక్షేపించారు. సైన్యాల సంఖ్యలను ఎంత అతిశయంగా రాశారో ఉదాహరణలతో చూపించారు. మన పల్లెలలో ఆ అతిశయం ఉర్సు జనసంఖ్యలోనూ, పూర్వీకుల ఎకరాలలోనూ కనబడుతుంది.

పెద్దలను మస్జిదుకో పంచాయతీ కార్యాలయానికో పిలిపించకండి. మీరే వెళ్ళండి. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఒకే ఒక్క హదీసు కోసం నెల రోజుల ప్రయాణం చేసి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉనైస్ (రజి) వద్దకు వెళ్ళారు. మనం దాటవలసినది ఒక వీధి.

స్త్రీల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఉత్తరంలోని పట్టికలో ఒక్క స్త్రీ పేరు లేదు. హజ్రత్ ఆయిషా (రజి) నుంచి మనకు చేరిన హదీసులు 2,210 అని విద్వాంసులు లెక్కించారు. నేను పైన పేర్కొన్న ఇబ్ను అసాకిర్ గురువులలో 80 మందికి పైగా స్త్రీలున్నారు. అటువంటి సంప్రదాయం గలవారు తమ నానీమాను, ఫుప్పును అడగకుండా చరిత్ర రాయబూనడం వింతగా లేదా? నిజామాబాదు జిల్లాలో బీడీలు చుట్టి సంసారాలు ఈదిన స్త్రీలు వేలాదిగా ఉన్నారు. భర్త గల్ఫ్‌లో ఉంటే వెయ్యి బీడీల కూలితో పిల్లల చదువు నడిపిన తల్లులు ప్రతి వాడలోనూ ఉన్నారు. తునికాకు తడిపి కత్తిరించే విధానం, ‘ఛాట్’ పేరిట తీసివేసిన బీడీల లెక్క, గల్ఫ్ నుంచి క్యాసెట్లలో వచ్చిన మాటలు, ఏ సంవత్సరం ఏ పెండ్లి ఎందుకు వాయిదా పడింది, ఇవన్నీ వారి వద్దే ఉన్నాయి. ఈ పని ఇంటి ఆడపిల్లలకు అప్పగించండి. పర్దా మర్యాద నిలుస్తుంది, మాట కూడా నిండుగా వస్తుంది. కోడలు అడిగితే అత్త చెప్పే కథ వేరు, మనుమరాలు అడిగితే చెప్పే కథ వేరు. వీలైతే ఇద్దరి చేతా అడిగించండి.

ఇప్పుడు కష్టమైన భాగం. చాలా పల్లెలలో పీర్ల చావడి ఉంది. ముహర్రంలో పీర్లను ఎత్తేవారిలో, మొక్కులు చెల్లించేవారిలో హిందూ సోదరులు ఎంతోమంది. వర్ని వైపు బడాపహాడ్ దర్గాకు కూడా అన్ని మతాలవారు వెళతారు. అక్కడ జరిగే ఆచారాలలో కొన్నింటితో నేను ఏకీభవించను. ఆ విషయం తరగతిలోనూ, ఈ పుటలలోనూ దాచలేదు. అయితే పాఠం చెప్పడం వేరు, జరిగినది రాయడం వేరు. తాతలు పీరు ఎత్తారన్న సంగతిని సిగ్గుపడి దాచిపెడితే అది సంస్కరణ అనిపించుకోదు, సాక్ష్యాన్ని దాచడం అవుతుంది. సాక్ష్యం దాచవద్దన్నది దైవాజ్ఞ.

బోధన్ పట్టణంలోని దేవల్ మస్జిద్ కూడా అంతే. అది పూర్వం దేవాలయంగా ఉండి తరువాత మస్జిదుగా మారిన కట్టడమని చరిత్రకారులు చెబుతారు. దాని స్తంభాలు, నక్షత్రాకారపు కట్టడి ఆ సంగతిని ఎవరికైనా చెప్పగలవు. పేరులోనే రెండు మాటలూ నిలిచి ఉన్నాయి. శతాబ్దాలుగా ప్రజలు ఆ పేరును మార్చకుండా పలికారు. మనం దాన్ని దాచనవసరం లేదు, దాన్ని పట్టుకుని ఎవరూ నేటి మనుషులపై కక్ష తీర్చుకోనవసరమూ లేదు.

1948 విషయంలో పెద్దలు గొంతు తగ్గిస్తారు. రజాకార్ల దౌర్జన్యాలు అనుభవించిన హిందూ కుటుంబాలున్నాయి. సెప్టెంబరులో సైన్యం ప్రవేశించిన పిమ్మట రాజ్యంలోని అనేక ప్రాంతాలలో ముస్లిముల ఊచకోత జరిగింది. భారత ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ గార్ల బృందం దానిపై నివేదిక సమర్పించగా అది దశాబ్దాల పాటు ప్రజలకు అందలేదు. మీ ఊరిలో ఆ రోజుల్లో ఏం జరిగిందో, ఏం జరగలేదో రెండూ రాయండి. ఎవరి ఇంట్లో ఎవరు తలదాచుకున్నారో తప్పక రాయండి. ఒకరి బాధ మాత్రమే రాసిన పుస్తకం సగం పుస్తకం. నేరం ఆరోపించే కథనం ఒక్క నోటి నుంచే వస్తే పేర్లు అచ్చు వేయకండి. ఆ మనిషి మనుమలు అదే వీధిలో ఉంటారు. చనిపోయినవారిని నిందించవద్దన్న ప్రవక్త (స) బోధ ఉంది. అవసరం ఉన్నంత వరకే మనుషుల లోపాలు ఎత్తిచూపడం హదీసు విద్వాంసుల నియమం.

నిజామాబాదు ఖిల్లాలోని జైలులో దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి కలిసి బందీలుగా ఉన్నారు. నిజాం పాలనపై కవితలు రాసినందుకు శిక్ష అనుభవించిన ఆ దాశరథే తరువాత గాలిబ్ గజళ్ళను తెలుగు చేసి మనకు అందించారు. రాజుపై కోపాన్ని భాషపైకి, ఆ భాష మాట్లాడే మనుషులపైకి మళ్ళించలేదు. ఖిల్లా గురించి రాసేవారు ఈ రెండు సంగతులనూ ఒకే పుటలో రాయాలని నా కోరిక.

కాగితాల భద్రత గురించి కొన్ని మాటలు. అసలు కాగితాన్ని ఎవరి ఇంటి నుంచీ తీసుకురాకండి, అడిగినా ఇవ్వవద్దని ఆ ఇంటివారికే చెప్పండి. భూమి తగాదాలున్న కాలం ఇది. మీ నోటు పుస్తకం ఎవరి దావాకూ ఆధారం కాదని మొదటి పుటలోనే రాసుకోండి, లేకుంటే రెండో వారానికి తలుపులు మూసుకుంటాయి. ఇంటివారి ఎదుటే, పగటి వెలుతురులో ఫోనుతో ఛాయాచిత్రం తీసి, ఎవరిదో ఏ రోజు తీశారో రాసి ఉంచండి. చిరిగిన కాగితానికి సెల్లోటేపు అంటించవద్దు, లామినేషన్ చేయించవద్దు. రెండూ కాగితాన్ని కాలక్రమేణా పాడుచేస్తాయి. సేకరించినదంతా మూడు ప్రతులుగా ఉంచండి. ఒకటి మస్జిదులో, ఒకటి ఊరి బడిలో, ఒకటి ఊరి బయట నమ్మకమైనవారి వద్ద. ఊరిలో దొరకనిది హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్ర భాండాగారంలో వెదకవచ్చు. అక్కడికి ఖాళీ చేతులతో వెళ్ళకుండా ఊరి పాత పేరు, తాలూకా, ఫస్లీ సంవత్సరం రాసుకుని వెళితే పని సులువవుతుంది.

మొదటి నెలలో ముగ్గురిని కలిస్తే చాలు. ఆ ముగ్గురిలో ఒకరు స్త్రీ, ఒకరు మన మతంవారు కానివారు అయి ఉండాలి. అస్ర్ తరువాతి వేళ పెద్దలకు అనుకూలం, ఇషా తరువాత వారిని అలసట పెట్టవద్దు. షికస్తా రాత లొంగని కాగితాలుంటే వాటి ఛాయాచిత్రాలు గురువారం సాయంత్రం మా మద్రసాకు తీసుకురండి. పై తరగతుల విద్యార్థులకు దానినే అభ్యాసంగా పెడుతున్నాను. రెడ్డిగారి పట్టా కాగితమైనా, పద్మశాలి తాత రసీదైనా సరే, చదివి తెలుగులో రాసి ఇస్తాం.